నీ చెట్టు కల్లు

అన్నా,

నీ సంవత్సరీకం నిన్ననే అయింది. ఇవాళ పొద్దున్నే నాందేడ్ బట్టల సేటు కొత్త చుట్టాలతో జీపు దిగాడు. నిజాం రోజుల్లో ఆయన తండ్రి ఎడ్లబండి కట్టుకుని మన కుండల్‌వాడి దాకా వచ్చేవాడట, మన చెట్ల కింద కూర్చుని తాటాకు దొప్పలో కల్లు తాగడానికి. ఆ ముచ్చట చుట్టాలకు చెబుతూ నేరుగా నీ చెట్టు దగ్గరికే నడిచాడు.

"గీ చెట్టుది తేనె లెక్కుంటది. ఇది తాగకుంట పోతె ఇంత దూరం అచ్చి ఏం ఫాయిదా?"

నువ్వు పడ్డప్పటి నుంచి దాన్ని మామయ్య గీస్తున్నాడు. ఇవాళ ఆయన జ్వరంతో లేవలేదు. వేరే చెట్టుది పోస్తానన్నాను.

"మీ అన్న ఉంటె గిట్లనేటోడా?" అన్నాడు సేటు.

రోషం వచ్చి చెట్టెక్కే మోకు నడుముకు వేసుకున్నాను. ఏడాదిగా ఆ చెట్టు కిందికి రాని వదిన గుడిసె ముందే నిలబడి చూస్తోంది.

సగం దాకా ఎక్కాను. నువ్వు జారిన చోట మోకు గీరిన గాటు ఇంకా అలాగే ఉంది. ఊపిరి బిగబట్టి దాటాను. పైన కల్లు లొట్టి విప్పి తాడుతో కిందికి వదిలాను.

ఎప్పుడూ నువ్వు పైనుంచి "పట్టినవా?" అనేవాడివి, నేను కిందినుంచి "పట్టిన" అనేవాణ్ని. తాడు వదులైంది. ఎక్కడున్నానో మరిచిపోయి, "పట్టిన, అన్నా!" అని అరిచాను.

కింద సేటు తల దించుకున్నాడు.

చెట్టు మొదట్లోంచి వదిన గొంతు వినిపించింది.

"నేను పట్టిన. నువ్వు పైలంగ దిగు."