నీ మరదలికి మాడన్నం ఇష్టమన్నావు

అరోరా, అమెరికా,
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకు,

సూర్యం నమస్కరించి రాస్తున్నాను. కంటి ఆపరేషన్ బాగా జరిగిందని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. చుక్కలమందు మానకు. పొగలో కూర్చోకు. ఇక్కడ నేనూ, అమ్మాయి శారదా, అల్లుడూ, మనవరాలు లతా బాగానే ఉన్నాం. బాగానే ఉన్నామని మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మొదటిసారి రాస్తే నువ్వు నమ్మవు.

చలి మొదలైంది. నాలుగేళ్ళయినా ఈ చలి నాకు అలవాటు కాలేదు. వారానికి మూడు రోజులు ఊరి లైబ్రరీకి వెళ్ళి, జనం చదివి తిరిగిచ్చిన పుస్తకాలు అరల్లో సర్దుతున్నాను. ముప్పై రెండేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పినవాణ్ణి, ఇక్కడ అట్ట మీద పేరు చూసి పుస్తకం పేర్చడానికి పనికొచ్చాను. ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడతారని వెళ్తాను. మాట్లాడకూడదని అక్కడ గోడ మీద రాసి ఉంటుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. అందులో రెండు మాటలు నన్ను వదలడం లేదు. మొదటిది, "ఆ దేశం తీసుకుపోయి, సరైన తిండి లేకుండా నా మరదల్ని చంపుకున్నావు" అన్నది. రెండోది, "సంవత్సరీకం దగ్గర పడుతోంది, దానికి ఇష్టమైనవి చేయించు. అయినా పిచ్చితల్లి ఏం అడిగింది కనక! అడుగున ఇంత మాడన్నం, మజ్జిగ ఉంటే చాలు, మాడంటే దానికి ప్రాణం" అన్నది. మొదటి మాటకి మండిపోయి నాలుగు పేజీల జవాబు రాశాను. రెండో మాటకి జవాబు రాయలేదు, అది నిజమే అనుకున్నాను కాబట్టి. ఆ నాలుగు పేజీలూ చించేశాను. ఎందుకు చించానో చెప్తాను, విను.

సంవత్సరీకానికి అమ్మకి ఇష్టమైనవి ఏం చెయ్యాలని శారద కూడా అడిగింది. ఎంత ఆలోచించినా నీ మాటే నా నోటికొచ్చింది. "మాడన్నం" అన్నాను. అది నా మొహంలోకి చూసి, వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. ఆ శనివారం లత పుట్టినరోజు. హోటల్ తిండి నేను తిననని తెలిసి కూడా, "ఈ ఒక్కసారికి రండి నాన్నగారూ" అని బలవంతాన కారెక్కించింది. అల్లుడు ఊళ్ళో లేడు, మేం ముగ్గురమే.

అది చిన్న హోటలు. బోర్డు మీద జపాన్ భోజనం అని ఉంది, వండేది మాత్రం కొరియా ఆవిడ. అమెరికావాళ్ళకి జపాన్ పేరైతే తెలుస్తుందని అలా పెట్టుకుందట. రెండు దేశాల వంటలూ అరచేతిలో పట్టేంత చిన్న చిన్న పళ్ళేలలో తెచ్చి, బల్ల నిండా పెడుతుంది. ఎవరి పళ్ళెం వాళ్ళది అనే మాటే లేదు, అందరూ అన్నిట్లోంచీ తీసుకు తినడమే. జపాన్ వాళ్ళు కొరియాని ఎలా ఏలారో నేను చదివాను. ఏలినవాడి పేరు బోర్డు మీద, ఏలబడ్డవాళ్ళ చెయ్యి పొయ్యి మీద. నవ్వుకున్నాను. మన ఇల్లు అప్పుడు గుర్తుకు రాలేదు.

ఇంకా మేం నోరు విప్పకముందే ఆవిడ, "నో ఫిష్, నో ఎగ్, నో గార్లిక్" అని నవ్వింది. ఈవిడకి మన సంగతి ఎలా తెలుసని శారదని అడిగితే, మంచినీళ్ళు తాగుతూ తల తిప్పుకుంది.

పదకొండు పళ్ళేలు వచ్చాయి. నువ్వులనూనె వేసిన పాలకూర, తియ్యగా ఉడికిన నల్ల సోయాగింజలు, ముల్లంగి ఊరగాయ, వేయించిన వంకాయ, ఇంకా ఏవేవో. పరిషేచనం చెయ్యకుండా నేను ముద్ద ఎత్తనని నీకు తెలుసుగా. విస్తరి ఒకటైతే చుట్టూ నీళ్ళు తిప్పుతాను. పదకొండింటిలో నాది ఏది? చివరికి చేతిలో నీళ్ళు పోసుకుని బల్ల మీదున్న వాటన్నిటి చుట్టూ తిప్పాను. సగం నీళ్ళు లత గౌను మీద పడ్డాయి.

"తాతా! వాట్ ఆర్ యూ డూయింగ్? అన్నీ నీవేనా?" అంది లత.

"పోనీలేవే, తాతగారికి అలవాటు" అంది శారద.

అప్పుడు అన్నం వచ్చింది. మన రాచ్చిప్ప లాంటి నల్లటి రాతి గిన్నె, ఇంకా చిటపటమంటోంది. పైన అన్నమంతా తీసి మాకు పెట్టి, అడుగున ఎర్రగా అంటుకున్న మాడుని ఆవిడ గరిటెతో గీకింది. వాళ్ళ దేశంలో అదంటే అందరికీ ఇష్టమట, మర్యాదకి పెద్దవాళ్ళకి పెడతారట. నా ప్రాణం లేచొచ్చింది అక్కయ్యా. మాడులో మంచి ముక్క తీసి, ఒక చిన్న పళ్ళెంలో పెట్టి, ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ ముందు ఉంచాను. "ఇది మీ అమ్మమ్మకి" అన్నాను లతతో. "ఆవిడకి ఇదే ఇష్టం."

కొరియా ఆవిడ ఆ పళ్ళెం చూసింది. ఎవరికని లతని అడిగింది. లత చెప్పగానే తల అడ్డంగా ఊపింది.

"నో, నో. మామా నో ఈట్ దిస్."

ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పిన నాకు ఆ నాలుగు ముక్కలు అర్థం కాలేదు. లత వైపు చూశాను.

"అమ్మమ్మ అది తినదు అంటోంది తాతా."

ఆవిడ మాడు పళ్ళెం తీసేసి లోపలికి వెళ్ళింది. మరో గిన్నె మూత తీసి, పైన తెల్లగా విచ్చుకున్న అన్నం కాస్త, పక్కన వేయించిన వంకాయ రెండు ముక్కలు పెట్టి తెచ్చి, ఆ కుర్చీ ముందు పెట్టింది. "మామా లైక్ టాప్" అంది. ఆ పళ్ళెం ఒకసారి సరిచేసింది. రోజూ అక్కడ కూర్చునే మనిషికి పెట్టినట్టే.

కారులో శారద చెప్పింది. ప్రతి బుధవారం మోకాళ్ళ డాక్టరు దగ్గర ఆలస్యమవుతోందని నాతో చెప్పి, వచ్చేటప్పుడు వాళ్ళమ్మని ఆ హోటలుకి తీసుకెళ్ళేదట. రెండేళ్ళు. మొదటి రోజు ఆ కొరియా ఆవిడ మర్యాదకి మాడు పెడితే, కామేశ్వరి చేత్తో పక్కకి జరిపి, "వద్దని చెప్పవే శారదా. నలభై ఏళ్ళు తిన్నాను, చాలు" అందట.

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేం?" అన్నాను.

"మీరు అడిగారా నాన్నగారూ?" అంది.

ఇప్పుడు చెప్పు అక్కయ్యా, ఎవరు చంపారు దాన్ని? బావ పోయి నువ్వు పుట్టింటికి వచ్చిన దగ్గర్నించి వంటిల్లు నీ చేతిలోనే ఉంది. అంతకు ముందు అమ్మ చేతిలో. పైన పొగలు కక్కే అన్నం "మా సూర్యానికి" అని నువ్వే వడ్డించేదానివి. తర్వాత పిల్లలకి. చివరికి తలుపు చాటున అది గిన్నె దగ్గరికి లాక్కునేది. "మాడంటే మా మరదలికి ప్రాణం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పిందీ నువ్వే. దాని వేళ్ళు అడుగు గీకుతున్న చప్పుడు పక్క గదిలో కూర్చుని పుస్తకం చదువుకుంటూ విన్నాను, ఆ పుస్తకంలో ఎవరో పేదరాలి కష్టం చదివి కళ్ళు తుడుచుకుంటూ. నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. ఇక్కడిదాకా వచ్చాక, అదే గిన్నెలో నువ్వేం తిన్నావో కూడా నాకు తెలియదని తోచింది.

సంవత్సరీకానికి వంకాయ చేయిస్తున్నాను. పిండం కలపడానికి వండే అన్నంలో పైన ఉన్నదే తియ్యమని శారదకి చెప్పాను. వీలైతే నాలుగు అప్పడాల పిండి ముద్దలు ఎవరైనా వచ్చేవాళ్ళతో పంపు, లత అడుగుతోంది. ఇంట్లో అన్నం వండినప్పుడు ఇప్పుడు అడుగున ఉన్నది నేను తింటున్నాను. ఆ హోటల్లో మాడు కమ్మగా ఉంది. మనింటి గిన్నెలోది చేదు.

ఒక్కటి అడుగుతాను, కోపం మానేసి జవాబు రాయి. మేమంతా తిని లేచాక మీరిద్దరే కదా వంటింట్లో కూర్చునేవాళ్ళు. ఏనాడైనా, ఒక్కనాడైనా, అది మొదట పైన ఉన్న అన్నం పెట్టుకుని తినడం నువ్వు చూశావా? చూస్తే రాయి. చూడకపోయినా చూశానని రాయి.

పెద్దదానివి, నన్ను మనసులోనైనా దీవించు. ఇంట్లో చిన్నవాళ్ళకి నా ఆశీస్సులు చెప్పు. నువ్వు వేళకి తిను. వేడిగా ఉన్నప్పుడే తిను.

నీ తమ్ముడు
సూర్యం