మందు కొట్టని తోట

అమ్మకు, నేను బాగున్నాను, బెంగపడకు.

పంట దక్కకపోతే ఇంటికి వచ్చేయమన్నారు కదా నాన్న. దక్కిందని చెప్పు. పురుగుమందు వాడనని తెలియాలని తోట గేటుకు "ఇక్కడ మందు కొట్టము" అని బోర్డు పెట్టాను. అది చదివి ఈ ఊరి దర్జీ భార్య మొగుణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "మా ఆయన చేత కూడా మాన్పించు తల్లీ" అని వదిలేసి వెళ్లింది. బోర్డు పురుగుమందు గురించని చెప్పకుండా ఆయన చేతికి బుట్ట ఇచ్చాను. ఆయన మూడు నెలలు టమాటా మొక్కల మీద పురుగులు ఏరాడు. తాగుడు మానేసి, నిన్ననే మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

ఇంకో ఏడాది ఉండనా? నాన్నని అడిగి రాయి. నా ఊలు మేజోళ్లు పంపు. బాబాయి ఇంకా తాగుతున్నాడా? వచ్చే పంటకి పురుగులేరే మనిషి కావాలి. గాలి మార్పుకని చెప్పి పంపు. బోర్డు సంగతి మాత్రం చెప్పకు.

పిన్నికి నమస్కారాలు.
నీ కూతురు