అశ్విని రహస్యం, నా నోరు

జూన్ 9, సోమవారం
మా పరిశోధన కేంద్రంలో పని ఒకటే: పంపిన కబురు మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా చూడటం. ఇందులో పీహెచ్‌డీ చేస్తున్న నాకేమో నోట్లో మాట ఆగదు.
ఇవాళ క్యాంటీన్‌లో మా ల్యాబ్‌లో నాతో పనిచేసే అశ్విని నా చెవిలో ఒక రహస్యం చెప్పింది. తనూ, మా ల్యాబ్ జయపాలూ పెళ్లి చేసుకుంటారట. "ఆదివారం తుని వెళ్లి నాన్నకి నేనే చెప్తాను. ఈలోపు వేరేవాళ్లు చెప్తే ఇంక ఒప్పుకోరే రూబీ" అంది.
తీర్మానం: ఎవరికీ చెప్పను. ఎన్ని రోజులు, ఆదివారం దాకానేగా!

జూన్ 10
చెప్పలేదు. చాలా తేలిక. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా? పొద్దుట్నుంచి మాటే లేదు" అన్నారు మా డైరెక్టర్ దేవకుమారి మేడం.

జూన్ 11
అమ్మకి చెప్పాను. పేర్లు చెప్పలేదు కాబట్టి లెక్కలోకి రాదు. "మా ల్యాబ్‌లో ఒకమ్మాయీ, ఒకబ్బాయీ" అన్నానంతే.
అమ్మ గరిటె పక్కన పెట్టింది. "మీ ల్యాబ్‌లో ఉన్నదే ఇద్దరమ్మాయిలు కదే." "పెళ్లికాని అబ్బాయి ఆ జయపాల్ ఒక్కడేగా, మన చర్చివాళ్లేనా?" అంది.

జూన్ 12
అమ్మ బీరువాలో చీరలు తీసి చూస్తోంది. ఆ అమ్మాయిని నేను కాదంటే అశ్వినేనని తేలిపోతుంది. నోరు మూసుకున్నాను. తీర్మానం నిలబడే ఉంది, కాస్త ఒరిగింది.

జూన్ 13
నాన్న కాజాల పెట్టెతో ల్యాబ్‌కి వచ్చారు. నేరుగా జయపాల్ దగ్గరికి వెళ్లారు.
"మీ నాన్నగారితో ఎప్పుడు మాట్లాడమంటారు బాబూ?"
"దేని గురించండి?"
"మా రూబీ పెళ్లి గురించేనండి."
జయపాల్ లేచి నిలబడ్డాడు. అశ్విని నా వైపు చూసింది.
"నేను కాదు నాన్నా. అశ్విని" అన్నాను. మేడం గదిలోకి కూడా వినిపించింది.
నాన్న పెట్టె బల్ల మీద పెట్టి, "పొరపాటైందమ్మా" అని అశ్వినికి చెప్పి వెళ్లిపోయారు. ఆయన తల వంచుకుని మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది.
ఇంకెవరైనా చెప్పేలోపే అశ్విని వరండాలోకి వెళ్లి తునికి ఫోన్ చేసింది. తిరిగొచ్చి నా పక్కనున్న తన కుర్చీ లాక్కుని అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

జూన్ 15, ఆదివారం
అన్నం తింటుంటే తుని నుంచి అశ్విని ఫోన్. "నాన్న ముందు అరిచారే. తర్వాత 'నా కూతురే చెప్పింది, అది చాల్లే' అన్నారు. నీ మీద కోపం మాత్రం పోలేదు."
తప్పయిందన్నాను. తను గొంతు తగ్గించి, "ఎల్లుండి నాన్న చెప్పకుండా ల్యాబ్‌కి వస్తున్నారు, జయపాల్‌ని చూడ్డానికి. తెలిస్తే భయపడి సెలవు పెట్టేస్తాడు. వాడు ల్యాబ్‌లో ఉండేలా నువ్వే చూడాలి. ఎవరికీ చెప్పకే" అంది.
కొత్త తీర్మానం: ఎవరికీ చెప్పను. ఈ క్షణం నుంచే.
"ఎవరే ఫోను?" అంది అమ్మ.
"అశ్విని."
"ఏమంటోంది?"
పెద్ద ముద్ద కలిపి నోట్లో కుక్కుకున్నాను.