దారి తెలిసిన కాళ్ళు

తమ్ముడికి, అక్క నవ్వుకుంటూ రాస్తున్నది.

నువ్వు మీ మందుల షాపు నుంచి పంపిన రెండు సీసాలూ, మోకాళ్ళదీ జ్ఞాపకశక్తిదీ, అయిపోవచ్చాయి. మీ బావగారి మోకాళ్ళ వాపు తగ్గింది. అది మాత్రల మహిమో, డాక్టరు చేయించిన వ్యాయామం మహిమో తెలియదు. మతిమరుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చిందిరా. ఇదివరకు కదల్లేక ఇంటిపట్టున ఉండేవారు. ఇప్పుడు కాళ్ళొచ్చాయి గానీ ఇల్లు గుర్తుండటం లేదు! మొన్న పక్కవీధి దర్జీ వెంటబెట్టుకొచ్చి అప్పగించేదాకా నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అందుకని రోజూ నేనూ వెంట వెళుతున్నాను. జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి కదా, ప్రతి బస్టాపు దగ్గరా ఆగి, "అందరూ ఎక్కారా?" అంటారు. నేను వెనకాల రొప్పుకుంటూ వచ్చి, "ఎక్కాం, పోనివ్వండి" అంటాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని బయల్దేరతారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇలా వీధిలో పట్టుకున్న పాపాన పోలేదు!

ఈసారి మోకాళ్ళ మాత్రలు నాక్కూడా పంపు. డాక్టరుకి చూపించే వేసుకుంటాలే. జ్ఞాపకశక్తి సీసాకి మాత్రం తొందరేం లేదు. దారి గుర్తొచ్చిందంటే చెయ్యి వదిలేస్తారు.

మీ అక్క