జింకు రేకుల కొట్టు ఎవరిదో తేల్చి చెప్పడమైనది

ప్రకాశం జిల్లా పర్చూరు కాపురస్థుడు, అంకయ్య గారి కుమారుడు శివరామకృష్ణ, బి.ఎస్సీ. కెమిస్ట్రీ (రెండో తరగతి), వృత్తి రేకుల పని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో రాసుకున్న వీలునామా. నా బుర్ర సక్రమంగా ఉందంటే మా బజారులో అందరూ ఒప్పుకోరు గానీ చట్టానికి ఈ మాత్రం చాలు.

వచ్చే సోమవారం గుంటూరులో నా గుండెకు వాల్వు మారుస్తారు. "ఇత్తడిది వెయ్యరు కదండీ? స్ప్రేయర్లో అయితే తొందరగా అరిగిపోద్ది" అని అడిగాను. డాక్టరుగారు నవ్వలేదు. అందుకే ఈ కాగితం.

1. తాతయ్య నా పేర రాసిన రోడ్డు పక్క స్థలం, అందులోని జింకు రేకుల షెడ్డు, కత్తెరలు, సుత్తులు, అమ్ముడుపోని గరాటాలతో సహా, నాతో కలిసి పనిచేసే షేక్ మాలిక్‌కు చెందవలెను. "ఆపరేషనయ్యాక నువ్వేం రేకులు కొడతావురా, ఆ సాయిబుని పంపించేసి పురుగుమందుల కొట్టుకి ఇచ్చేద్దాం" అని మా నాన్నగారు అంటున్నారు. నేను లేకపోతే మాలిక్ సామాను రోడ్డు మీద ఉంటుంది. కాబట్టి ఈ క్లాజును ఎవరూ కదిలించరాదు.

2. నాన్నగారికి ఒక పెద్ద మట్టి బాన. నిరుడు మిరపతోటకు మందు కోసం ఆయన మాలిక్ చేసిన కొత్త బకెట్లో మైలుతుత్తం నానబెట్టారు. బకెట్ లోపల ఎర్రగా మారి, తర్వాత అడుగు జల్లెడైంది. "ఏరా మాలిక్, బిస్కెట్ డబ్బా రేకు అంటగట్టావా?" అని సెంటర్లో నలుగురి ముందు అడిగారు. "పొరపాటైంది పెద్దాయనా" అని వాడు ఇంకోటి చేసిచ్చాడు. అందులోనూ అదే నానబెట్టారు. మైలుతుత్తంలో ఉన్నది రాగి. అది జింకు పూతను తినేస్తుంది, ఆపైన ఇనుము వంతు. తప్పు రేకుది కాదు, మాలిక్‌ది అసలే కాదు. ఇది చెబితే "డిగ్రీ చదివి బకెట్లకి వకాల్తా పుచ్చుకున్నావా?" అన్నారు. పుచ్చుకున్నాను.

3. మా అమ్మ బసవమ్మకు, నా గూట్లోని గులాబీరంగు లోషన్ సీసాలు. మిరపకాయలు ఏరిన చేతులు మండుతుంటే ఆమె మజ్జిగలో ముంచుకుంటుంది, ఎవరికీ చెప్పదు. ఆ లోషన్లో ఉన్నదీ జింకే. అయిపోయినప్పుడల్లా మాలిక్ తెచ్చివ్వాలి. షెడ్డుకు నేను పెట్టిన షరతు ఇదొక్కటే.

4. చెల్లెలు కోటేశ్వరికి నా టార్చిలైటు. అయిపోయిన సెల్లులు ఎండబెట్టి మళ్ళీ వెయ్యడం మానవలెను. సెల్లు పైతొడుగు జింకు, అది కరిగిపోయి టార్చి అంతా కారుతుంది. "ఇంకో రెండ్రోజులు వస్తాయిలే అన్నయ్యా" అని డాబా మీద పరిచిన సెల్లులపై సర్వహక్కులూ ఆమెవే.

5. బాబాయి యలమందకు ఏమీ లేదు. జింకు సల్ఫేటును సూపర్ ఫాస్ఫేటుతో కలిపి చల్లితే రెండూ దండగేనని ఎన్నోసార్లు చెప్పాను. "భూమిలోకి పోయాక అన్నీ కలిసేవేగా" అంటాడు. నా దగ్గర ఆయనకివ్వడానికి ఆ సలహాకు మించిన ఆస్తి లేదు.

6. నేను బతికి వస్తే ఈ వీలునామా రద్దు. అప్పుడు నేనూ మాలికూ అదే షెడ్డులో కూర్చుంటాం. రేకు కత్తిరించడం నా వల్ల కాకపోతే బేరాలు ఆడతాను. ఆ పనికి గుండె కన్నా నోరు ముఖ్యం.

సాక్షి సంతకం చేసినవారికి వీలునామాలో రాసింది చెల్లదని వకీలుగారు చెప్పినందున మాలిక్ చేత సంతకం చేయించలేదు. ఇష్టమున్నవారు చదివి చేయవచ్చునని కాగితం అరుగు మీద పెట్టి ఉంచాను.

పర్చూరు, 14-6-2001.

(సం.) శివరామకృష్ణ

సాక్షులు:

1. రంజాన్, పక్క సోడా కొట్టు.

2. అంకయ్య, తండ్రి. కోటేశ్వరి చేత చదివించుకుని విన్నాను. కొట్టు జోలికి రాను. సోమవారం గుంటూరుకి కారు మాట్లాడాను, మాలిక్‌ని కూడా రమ్మన్నాను.