బంగారు పెద్దమ్మకు నీటి సరఫరా కార్యాలయం జవాబు

నీటి సరఫరా కార్యాలయం వారికి,

రెండో అంతస్తుకు నీళ్ళు ఎక్కడం లేదని ఫిర్యాదు చేస్తే మీ జవాబు "నా బంగారు పెద్దమ్మా" అని మొదలై, "ముద్దులతో, నీ చిట్టెలుక" అని ముగిసింది. నేను రిటైరైన రైలు గార్డును. మీసాలున్నాయి. ఏమిటీ వేళాకోళం?

ఇట్లు,
రెండో అంతస్తు వినియోగదారుడు

తా.క. మీరు అందాయన్న సాక్సులు నేను అల్లలేదు.

* * *

నా బంగారు పెద్దమ్మా,

మన్నించండి. జవాబులు తయారుచేసే ప్రోగ్రాము నాది. తప్పు నాదే. ఉదయమే సరిచేశాను. ఇకమీదట మర్యాదగానే వస్తాయి.

ముద్దులతో,
నీ చిట్టెలుక

తా.క. సాక్సులు అందాయి. ఎడమది బిగుతు.

* * *

చిట్టెలుక గారికి,

ఇదేనా మర్యాద? మీ పై అధికారికి ఫిర్యాదు పంపేశాను.

ఇట్లు,
మీసాలున్నవాడు

తా.క. కుడిది సరిపోయిందా?

* * *

అయ్యా,

ఇది చేత్తో రాస్తున్నాను. తలెత్తుకోలేకపోతున్నాను.

ప్రోగ్రాములో ఉత్తరం కూర్చే చిన్న భాగం, అంటే మాడ్యూల్, ఒక పెద్ద మాడ్యూల్ లోపల ఉంటుంది. సంబోధన, సంతకం, తా.క. ఆ పెద్దదాన్నుంచే తెచ్చుకుంటుంది. మొదట దాన్ని ఇంట్లో, "ఇల్లు" అనే మాడ్యూల్ లోపల రాశాను. తర్వాత ఆఫీసు మాడ్యూల్ లోపలికి మార్చాను. "నా చుట్టూ ఉన్నదాన్ని అడుగు" అని రాయాల్సింది. "ఇల్లు"ని అడగమని పేరు పెట్టి రాశాను. ఇల్లు ఫైలూ వెంట వచ్చింది. చోటు మారినా అది ఇంటికే వెళ్ళి అడుగుతోంది. మొన్న ఒక చోట దిద్ది, ఇంకో చోట మరిచిపోయాను.

నా ఉద్యోగం ఖాయమో కాదో సోమవారం తేలుతుంది. దయచేసి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
ప్రోగ్రాము రాసిన అమ్మాయి

తా.క. ఇంతకన్నా సిగ్గుచేటు ఒకటుంది. నన్ను పెంచిన పెద్దమ్మకు వారం వారం ఉత్తరం రాయడానికి బద్ధకించి, ఆ పని యంత్రానికి అప్పగించాను. ఆరు నెలలుగా ఎడమది బిగుతనే వెళ్తోంది. ఆవిడ ఇప్పటికి ఇరవై రెండు ఎడమ సాక్సులు పంపింది.

* * *

అమ్మాయీ,

ఆలస్యమైంది. ఫిర్యాదు వెనక్కి తీసుకునేలోపే మీ అధికారి జవాబు వచ్చేసింది. "ఆ ఉద్యోగిని తొలగిస్తున్నాం" అని రాసి, కింద "ముద్దులతో, నీ చిట్టెలుక" అన్నారు. ఫోన్ చేసి, "అయ్యా, తొలగించేది ఏ చిట్టెలుకని?" అన్నాను. ఆయన తన ఉత్తరం తీసి చదువుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఇలాంటివి ఈ వారం నా సంతకంతో ఎన్ని వెళ్ళాయో! ఆపడం ఆ పిల్లకొక్కదానికే తెలుసు. ఎలా తీసేస్తానండీ?" అన్నారు.

సోమవారం ధైర్యంగా వెళ్ళు. ఈలోపు మీ పెద్దమ్మకు చేత్తో ఒక ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీసాల పెద్దమ్మ

తా.క. ఆ తర్వాత మాత్రం రెండో అంతస్తుకు నీళ్ళు.