అరవై ఎవరేజ్

హైదరాబాద్

యూనుస్ మామకు దేవిక నమస్తే,

ఫోన్‌ల ఎంత మొత్తుకున్నా నీకు వినవడలే. రిపేరు బండ్ల చప్పుడుకు నీ చెవులు పోయినయ్, అందుకే రాస్తున్న.

బస్సు టాప్ మీద పంపింది నా రేసు కార్టు. నేలకు ఆనుకొని ఉరికే బండి, ఆరు గేర్లు, ఇంజను నీ పాత యెజ్డీ మోటర్ సైకిళ్ల లెక్కనే టూ స్ట్రోక్. మూడు నుంచి నాలుగో గేర్ పడుతలేదు. ఎవరేజ్ గూడ మస్తు తక్కువొస్తుంది. నెలాఖరు రేసుల ఓడితే టీమ్ ఓనర్ ఇంద్రకరణ్ సారు టీమ్‌ల నా సీటు తీసి, ఇప్పుడు సొంత బండి మీద పోటీ పడుతున్న తన మేనల్లుడు నగేష్‌కు ఇస్తడట. గా సీటు పోతే నా పాణం పోయినట్టే. జర ఎవరేజ్ పెంచు.

మీ దేవిక

తా.క. అమ్మకు చెప్పకు. నేను కంప్యూటర్ నేర్చుకుంటున్ననని అనుకుంటుంది.

మెదక్

దేవిక బిడ్డకు యూనుస్ మామ దువా,

బండి దించంగనే బజారంత జమైంది. గేర్‌బాక్స్ ఇప్పిన. గేర్లను జరిపే ఫోర్క్ వంగింది, కొత్తది ఏసిన. ఇగ నాలుగోది పిలిస్తే పలుకుతది.

ఎవరేజ్ సంగతి నిజమే. శంకరంపేట తొవ్వల నడిపి చూసిన, ఎనిమిది గూడ ఇస్తలేదు. నీకెంత గావాలె?

యూనుస్

తా.క. దీనికి హారన్ లేదు, సీరె గార్డు లేదు. అమ్మినోడు నిన్ను మోసం జేసిండు. మీ అత్త తాజ్ బీ యాడ కూసోవాలె అంటున్నది.

హైదరాబాద్

మామా, నమస్తే.

ఎనిమిదా? నేను ఉరికినా ఎనిమిదొస్తది. నగేష్‌కు అరవై రెండొస్తుంది. నాకు అరవై దాటకుంటే గెలుసుడు మాట మర్చిపోవాలె. ఏం చేస్తవో చెయ్యి, అరవై తే.

దేవిక

తా.క. దీంట్ల ఒక్కరే కూసుంటరని అత్తకు చెప్పు.

మెదక్

బిడ్డా, దువా.

అరవై రెండంటే నాకు నిద్ర పట్టలే. గా పోరడు కిరసనాయిల్ కలుపుతుండచ్చు. పెట్రోల్ తక్కువ తాగేటట్టు కార్బరేటర్ల చిన్న జెట్ ఏసిన. చైన్ చక్రం మార్చిన. ఆక్సిలేటర్ సగం కంటే ఎక్కువ తిరగకుంట వాషర్ పెట్టి బిగిచ్చిన. అల్లా దయ, లీటరుకు అరవై ఒకటి ఇచ్చింది.

రాష్ట్రం కోసం బంద్ అంటుండ్రు. బండిని ఆఖరు బస్సుకు ఏస్తున్న, ఉత్తరం పోస్టుల.

యూనుస్

తా.క. పికప్ జర తగ్గింది. నిన్న ఒక ఎడ్లబండి దాటిపోయింది.

హైదరాబాద్

యూనుస్ మామకు శతకోటి దండాలు,

నీ ఉత్తరం రేసు అయినంక ముట్టింది. నేను అడిగింది గంటకు ఎన్ని కిలోమీటర్లని మామా, లీటరుకు గాదు.

బంద్‌కు బంకులన్ని మూసిరి. ఉన్న జరంత పెట్రోలే అందరికి సమంగ పోసిండ్రు. జెండా ఊపంగనే అందరు పోయిండ్రు, నా బండి పెళ్లి ఊరేగింపు లెక్క కదిలింది. దాటినప్పుడల్ల నగేష్ చెయ్యూపిండు. సీటు పాయెనని హెల్మెట్‌ల మస్తు ఏడ్సిన.

ఇంతల ఒక్కొక్కడే ఆగవట్టిండు. పెట్రోల్ అయిపోయింది. నగేష్ దిగి బండిని నూకుతుండు. నేను పక్కపొంటి పోతుంటే, "జర ఆగు దేవికా, ఒక గ్లాసు పొయ్యి" అన్నడు. నేను ఆగలే. చుట్లన్ని పూర్తి చేసింది నేనొక్కదాన్నే. ఎవరేజ్ గంటకు ఇరవై రెండు. సీటు నాదే.

నీ బిడ్డ దేవిక

తా.క. ఇదంత నీ చేతి మహిమ అనుకొని సారు నగేష్ బండిని గూడ నీకే పంపుతుండు. నా వాషర్ నేను తీసేసిన. బంకులు గూడ తెరిచిండ్రు. నగేష్ బండికి మాత్రం మంచిగ ఎవరేజ్ పెంచు మామా. అరవై సాలదు, డెబ్బై తే.